మూడో వీధి బన్నులు

వాయి 1

కొత్త బందరు సొరంగ కాలనీ, మూడో వీధి, ఏడో ఇల్లు. పేరు హైమావతి. వయసు రాయమని ఒక గడి ఉంది, దాన్ని ఖాళీగా వదిలేశాను.

ఓవెన్ పర్మిట్‌తో పాటు కమిటీవాళ్లు ఈ పుస్తకం కూడా చేతిలో పెట్టారు. నలభై వాయిలు కాల్చాలి, ప్రతి వాయికీ లెక్క రాయాలి. పిండి పొంగడానికి ఎంతసేపు పట్టింది, బన్నులు ఎలా వచ్చాయి, చెడితే ఎందుకు చెడ్డాయి. ఆ ఆఖరి గడికి 'వైఫల్య కారణం' అని పేరు. నలభైలో పది చెడ్డాయంటే ఓవెన్ వెనక్కి పట్టుకుపోతారట. ఇక్కడ గోధుమ దీపాల కింద పండుతుంది, గింజ గింజకీ కష్టం ఉంది. అది నాకు ఒకరు చెప్పాలా? ఎనిమిదేళ్లు ఆ గోధుమ మడిలోనే పనిచేశాను.

అంగారకుడి మీదికి వచ్చి పదకొండేళ్లయింది. అప్పటి నుంచీ రొట్టె అంటే యంత్రం అచ్చుపోసిన పలకలే తింటున్నాం. తెల్లగా, చతురస్రంగా, రుచీ పచీ లేకుండా. మా నాన్న బందరులో బేకరీ బట్టీ ముందు ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి. ఆయన కడుపున పుట్టి, చచ్చేలోగా నా చేత్తో ఒక్క బన్ను కాల్చుకోకపోతే ఎందుకొచ్చిన బతుకు? అందుకే ఈ ఓవెన్ కోసం ఆరేళ్లు అర్జీలు పెట్టాను.

ఇంతా చేస్తే మొదటి వాయి చెడింది. కారణం భుజంగరావుగారు, అంటే మా ఆయన. కొత్త వస్తువు మీది ప్లాస్టిక్ కవరు తియ్యడం ఆయన వంశంలోనే లేదు. నీళ్ల ఫిల్టరుకి పదకొండేళ్లుగా కవరుంది. కుర్చీలకుంది. మంచానికుంది, పక్క మీద దొర్లితే కరకరమంటుంది. ఓవెన్ తలుపు మీది కవరు నేను పీకబోతుంటే "ఉండనీవే హైమా, గీతలు పడతాయి" అని చెయ్యి పట్టుకున్నారు. అది కాస్తా కరిగి బన్నులన్నీ కంపు కొట్టాయి.

వైఫల్య కారణం గడిలో 'మొగుడు' అని రాశాను. కమిటీ గుమాస్తా ఒప్పుకోలేదు. పుస్తకంలో మూడు కారణాలే అచ్చు వేశారు: పిండి, ఓవెన్, చేసినవారు. వాటిలో ఒకటి రాయాలట. పళ్లు నూరుకుంటూ 'చేసినవారు' అని రాశాను.

వాయి 5

వచ్చాయి! రెండూ మూడూ వాయిలు ఓవెన్ వేడి తెలియక మాడాయి, నాలుగోది పరవాలేదు, ఇవాళ్టివి మాత్రం బన్నులంటే బన్నులు. పైన గోధుమరంగు మెరుపు, లోపల దూది.

నాన్న పద్ధతే పాటిస్తున్నాను. పిండి పిసికాక నిమ్మకాయంత ముద్ద తుంచి పొడుగాటి స్టీలు గ్లాసులో వేస్తాను. మిగతాది బన్నులుగా చేసి ట్రేలో పెడతాను. గ్లాసులో ముద్ద అంచుకొచ్చిందంటే ట్రేలోవి ఓవెన్‌లోకి వెళ్లవచ్చన్నమాట. సరిగ్గా గంటంబావు పడుతోంది. ఒక నిమిషం అటూ ఇటూ లేదు.

వాసన పట్టుకుని పక్కింటి నూకరత్నం వచ్చేసింది. కాకినాడ మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఇదేం వాసనొదినా బాబూ! సచ్చినోడైనా లేచొచ్చేత్తాడు."

"లేచొచ్చినవాడికి పెట్టను. సుందరికి పట్టుకెళ్లు ముందు."

సుందరి ఆవిడ కూతురు. ఏడో నెల, పురిటికి తల్లి దగ్గరికి వచ్చింది. రొట్టె పలక చూస్తే వాంతి చేసుకునే పిల్ల, మూడు బన్నులు తిన్నదట. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వాయి 9

గంటంబావు. బాగా వచ్చాయి.

ఈ వారం వీధి వీధికీ కొత్త గాలి మీటర్లు బిగించారు. ఇక్కడ ఒక్కో వీధీ ఒక్కో సొరంగం. మధ్యలో గాలి చొరబడని తలుపులు. ఏ వీధి గాలి ఆ వీధిదే. మీటరులో అంకె డెబ్బై దగ్గర ఉండాలి, తగ్గితే యంత్రం దానంతటదే గాలి నింపుతుంది. మా వీధి మీటరు మా గుమ్మం పక్కనే పెట్టారు, మా ఆయన వీధి పెద్ద కాబట్టి.

"ఎర్ర దుమ్ము పడి పాడవకుండా నేను చూసుకుంటాగా బాబూ" అని గాలి ఇంజనీరు ఫణీంద్రకి మాటిచ్చారు. ఆ కుర్రాడు బుద్ధిమంతుడు. నన్ను పిన్నిగారూ అంటాడు. పోతూ పోతూ నాలుగు బన్నులు జేబులో వేసుకున్నాడు.

వాయి 15

నాలుగు నిమిషాలు ముందే పొంగింది. సరే, పొంగింది కదా అని ఓవెన్‌లో పెట్టాను. కాలుతూ కాలుతూ నడుమ కుంగి, అందరూ కూర్చుని లేచిన దిండుల్లా తయారయ్యాయి.

వైఫల్య కారణం: చేసినవారు. ఈస్ట్ ఎక్కువ వేసి ఉంటాను.

వాయి 18

పదహారో వాయిలో ఈస్ట్ తగ్గించాను. కుంగాయి. పదిహేడులో ఉప్పు పెంచి, చల్లటి నీళ్లతో కలిపితే ఎలాగో గట్టెక్కాయి. ఇవాళ అదే కొలతతో చేస్తే మళ్లీ కుంగాయి. ఏడు నిమిషాలు ముందే గ్లాసు నిండింది.

"దిష్టొదినా" అంది నూకరత్నం. "ఈదిఈదంతా మీ ఓవెన్ మీదే కళ్లెట్టుక్కూకుంది."

ఇక్కడ మిరపకాయలు కాల్చనివ్వరు, పొగ వస్తే సైరన్ మోగుతుంది. అందుకని గుప్పెడు ఉప్పు తెచ్చి ఓవెన్ చుట్టూ మూడుసార్లు తిప్పింది. తిప్పుతుంటేనే ఆవిడకి కళ్లు తిరిగి కుర్చీలో కూలబడింది. నాలుగు రోజులుగా తలనొప్పట. సుందరికీ అంతే, నిద్ర పట్టడం లేదట, నాలుగడుగులు వేస్తే ఆయాసమట. డాక్టరు నెలలు నిండుతున్నాయి కదా అన్నాడట. మా ఆయనా మడి దాకా వెళ్లొచ్చి రొప్పుతున్నారు. పొట్ట తగ్గించుకోండి అన్నాను.

వైఫల్య కారణం: చేసినవారు.

వాయి 20

పంతొమ్మిదోది కూడా పోయింది. లెక్కకి ఏడు. మూడు మిగిలాయి.

ఇవాళ బన్నుల మొహం చూడబుద్ధి కాక కర్రీ పఫ్‌లు చేశాను. పిండిలో కొవ్వు పెట్టి మడిచి, ఒత్తి, మళ్లీ మడిచి, పొద్దుటి నుంచీ అదే పని. లోపల బంగాళాదుంప, ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి. ఓవెన్‌లో పెట్టి చూద్దును కదా, లేస్తున్నాయి, లేస్తున్నాయి, ఆగడం లేదు! బందరులో కూడా అంత ఎత్తు పఫ్ నేను చూడలేదు. కొరికితే పొరలు చీర మీదంతా రాలాయి. మా ఆయన ఐదు తిన్నారు, ఆయాసపడుతూనే.

నాకు మాత్రం సంతోషం కంటే అనుమానం ఎక్కువైంది. పఫ్‌లో ఈస్ట్ ఉండదు, ఆవిరికే పొరలు లేస్తాయి. నా చెయ్యి పాడైతే రెండూ పాడవాలి. బన్నులు కుంగిపోతూ పఫ్‌లు ఎగిరిపోతున్నాయంటే ఇందులో ఏదో ఉంది.

వాయి 22

ఇరవై ఒకటి, ఇరవై రెండు, రెండూ పోయాయి. తొమ్మిది. ఇంకొక్కటి చెడితే ఓవెన్ పోతుంది. రేపు ఒకటో వీధిలో కమిటీ ఆఫీసుకి రమ్మని నోటీసు వచ్చింది.

ఇదే రోజు మా వీధికి మెచ్చుకోలు పలక కూడా వచ్చింది. కాలనీ మొత్తంలో మూడో వీధి గాలే స్థిరంగా ఉందట. మిగతా వీధుల్లో అంకె కాస్త అటూ ఇటూ ఊగుతుంటే, మాది బిగించిన రోజు నుంచీ డెబ్బై మీదే నిలబడిందట. మా ఆయన ఆ పలకని గోడకి తగిలించి మురిసిపోయారు. దాని మీది ప్లాస్టిక్ తీయలేదని వేరే చెప్పాలా?

ఒకే గోడకి ఒక పక్క మెచ్చుకోలు, ఒక పక్క నోటీసు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆరేళ్ల అర్జీలు, నాన్న చేతి విద్య, అన్నీ కలిపి ఆ గడిలో 'చేసినవారు' అన్న ఒక్క మాట కింద నలిగిపోతున్నాయి.

వాయి లేదు

పొద్దున్నే అలవాటుగా పిండి పిసికేశాను, తర్వాత గుర్తొచ్చింది ఆఫీసుకి వెళ్లాలని. పారేయలేను కదా. రెండు గ్లాసుల్లో రెండు ముద్దలు వేశాను. ఒకటి ట్రే పక్కన ఉంచి మా ఆయన్ని కాపలా పెట్టాను. ఇంకొకటి సంచిలో పెట్టుకుని వెళ్లాను, అది అంచుకి వచ్చేలోగా ఇంటికి చేరాలని.

ఆఫీసులో వాళ్లు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మరిచిపోయారు. గ్లాసు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గంట దాటింది. ముద్ద ఇంకా అంచుకి రాలేదు! గంటా పది నిమిషాలైంది. రాలేదు. సరిగ్గా గంటంబావుకి వచ్చింది, మొదటి రోజుల్లో లాగే, మర్యాదగా.

ఇంటికి ఫోన్ చేశాను. "గ్లాసెప్పుడో నిండి పొర్లిందే. గంటా ఐదు నిమిషాలకే. నువ్వు రాలేదని ఊరుకున్నాను" అన్నారు మా ఆయన.

ఒకే పిండి. ఒకే చెయ్యి. ఒకే ఈస్ట్. మా వీధిలో గంటా ఐదు, ఒకటో వీధిలో గంటంబావు. తప్పు నాది కాదని తెలిసినప్పుడు మనిషికి వచ్చే బలం వేరు.

కమిటీ అధ్యక్షుడు కోటిలింగంగారు అప్పటికి బయటికొచ్చారు. "అమ్మా హైమావతిగారూ, తొమ్మిది..."

"తొమ్మిది సంగతి ఎల్లుండి మాట్లాడదామండీ" అని గ్లాసు పట్టుకుని వచ్చేశాను. ఇంట్లో పొర్లిన పిండిని పెనం మీద రొట్టెలుగా కాల్చేశాను. ఓవెన్‌లో పెట్టలేదు కాబట్టి అది వాయి కిందికి రాదు.

మళ్లీ వాయి లేదు

ఇవాళ ఐదు గ్లాసులు, ఒకే పిండి ముద్ద నుంచి తుంచిన ఐదు నిమ్మకాయలు. గ్లాసులన్నీ ఒకే కొలత, ఒకే గది వేడి. ఐదు వీధుల్లో ఐదుగురు ఆడవాళ్లు. ఎవరూ కదలకూడదు, గ్లాసు ముందే కూర్చుని గడియారం చూడాలి, అంచుకి వచ్చిన నిమిషం రాయాలి. నూకరత్నం ఫోన్లు చేసి అందర్నీ కూడదీసింది. ఆవిడ నోటికి ఎదురేముంది!

ఒకటో వీధి గంటంబావు. రెండు గంటంబావు. నాలుగోది ఒక నిమిషం ఎక్కువ. ఐదు గంటంబావు. మూడో వీధి, మాది, గంటా నాలుగు.

ఆ కాగితం పట్టుకుని ఫణీంద్ర దగ్గరికి వెళ్లాను. "బాబూ, మా వీధిలో గాలి పల్చబడింది. పైనుంచి గాలి బరువు తగ్గితే పిండిలో బుడగలు తొందరగా ఉబ్బి కుంగుతాయి, పఫ్‌ల పొరలు ఎగిరిపోతాయి. మా నాన్న కొండమీది ఊరికి పెళ్లి వంటకి వెళ్లి ఇలాగే అల్లరిపాలయ్యాడు."

అతను అన్ని వీధుల అంకెలూ కనిపించే బోర్డు చూపించాడు. "డెబ్బై, పిన్నిగారూ. కొత్త మీటరు. చూడండి, ఇంచు కూడా కదల్లేదు."

"అదే నాయనా నేనడిగేది! ఊపిరి పీల్చే మనుషులున్న చోట అంకె ఎందుకు కదలదు? మిగతా వీధుల్లో కదులుతోంది కదా? మా గోడ గడియారం కూడా ఆగిపోయినప్పుడు బ్రహ్మాండంగా స్థిరంగా ఉండేది."

అతను మరోసారి బోర్డు మీది ఐదు అంకెలూ చూశాడు. తర్వాత డ్రాయరు లాగి పాత చేతి మీటరు తీశాడు.

మా వీధికి వచ్చేసరికి చిన్న ఊరేగింపే తయారైంది. నేను, ఫణీంద్ర, కోటిలింగంగారు, గ్లాసులు పట్టుకుని ఐదుగురు ఆడవాళ్లు, మా ఆయన. గుమ్మం పక్కన గోడ మీటరు డెబ్బై అంటోంది. చేతి మీటరు అరవై ఒకటి అంటోంది.

"చేతిది పాతదండీ, పాడై ఉంటుంది" అన్నారు కోటిలింగంగారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఐదు గ్లాసులు పాడయ్యాయా? చేతి మీటరు పాడైందా? సుందరి ఊపిరి పాడైందా? అన్నీ పాడయ్యాయి కానీ గోడ మీదిది మాత్రం నిప్పా?" అని గోడ మీటరుని వేలితో టపటపా కొట్టాను.

ఆ చప్పుడుకి ఆగిపోయాను. అది మీటరు అద్దం చప్పుడు కాదు. పదకొండేళ్లుగా మా ఇంట్లో ఏది ముట్టుకున్నా వచ్చే చప్పుడు.

"ఏమండీ" అన్నాను. మా ఆయన పైకప్పు వంక చూస్తున్నారు. "ఏమండీ, దీని మీద ఏం పెట్టారు?"

"దుమ్ము పడుతుందని... చిన్న డబ్బా. కనపడకుండా నీటుగానే పెట్టాను."

"దేంతో అతికించారు?"

"తలుపుల బంకతో" అన్నారు.

గాలి చొరబడకుండా తలుపుల అంచులకి పూసే బంక! మీటరు బిగించిన రోజు గాలిని దాంతో పాటే డబ్బాలో పెట్టి సీలు వేశారు మహానుభావుడు. మీటరు ఇన్నాళ్లూ ఆ డబ్బాలో గాలినే కొలుస్తోంది. వీధిలో గాలి ఎటుపోతోందో దానికేం తెలుసు? అంకె తగ్గదు కాబట్టి యంత్రం గాలి నింపదు.

లోపలికెళ్లి పిండి కోసే చాకు తెచ్చాను. బంక అంచులో దూర్చి మెలిపెట్టాను. తుస్సుమంది. అంకె డెబ్బై నుంచి అరవై ఆరుకి, అరవై మూడుకి, అరవై ఒకటికి జారింది. సైరన్ అందుకుంది. పైన యంత్రం గర్రుమని గాలి పోయడం మొదలుపెట్టింది. చల్లటి గాలి మొహానికి తగిలింది.

ఫణీంద్ర మొహం తెల్లబోయింది. "ఇంకో పది రోజులు ఇలాగే పోతే పిన్నిగారూ..." అని సుందరి గుమ్మం వైపు చూసి మాట మింగేశాడు.

అందర్నీ రెండో వీధిలోకి పంపించేశారు. సుందరిని కుర్చీతో సహా నలుగురు మోశారు. నేను పోలేదు, మా ఆయనా పోలేదు. గాలి ఎక్కడి నుంచి పోతోందో తెలియాలి కదా. ఫణీంద్ర చెవి గోడకి ఆనించి వింటున్నాడు, సైరన్ మోతలో ఏం వినపడుతుంది! ఇంట్లో పిండి డబ్బాలోంచి గుప్పెడు మెత్తటి పొడిపిండి తీసుకున్నాను. పదకొండేళ్లలో ఒక్క చిటికెడు నేలపాలు చేయని దాన్ని, గోడ పొడుగునా ఊదుకుంటూ నడిచాను. వీధి చివర నీళ్ల గొట్టం గోడలోకి దూరే చోట పిండి గాల్లో తేలకుండా సన్నటి తీగలా గోడలోకి పోయింది.

"అదిగో!" అని అరిచాను. ఫణీంద్ర గొట్టం చుట్టూ బంక కుక్కాడు. మా ఆయన డబ్బాతో బంక అందించారు. ఆ పనిలో ఆయనకి మంచి అనుభవం ఉంది.

వాయి 23

కమిటీ మొత్తం మా ఇంట్లో కూర్చుంది. కూర్చోవడానికి చోటు లేక సగం మంది వీధిలో నిలబడ్డారు. ట్రేలు నాలుగు. గ్లాసు బల్ల మధ్యలో పెట్టాను. ఇది చెడితే పది.

గంట. గంటా ఐదు. ముద్ద ఇంకా రెండు వేళ్లు కిందే ఉంది. నూకరత్నం దేవుడికి దణ్ణాలు పెడుతోంది. గంటా పది. సరిగ్గా గంటంబావుకి ముద్ద అంచుని ముద్దు పెట్టుకుంది.

ఓవెన్ తలుపు తీసేసరికి వీధంతా ఆ వాసన నిండింది. ఒక్కటంటే ఒక్కటి కుంగలేదు. గుండ్రంగా, నిండుగా, మెరుస్తూ. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అది ఆ చివరి తలుపు దాకా పాకింది. నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను, వేడికి అని చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

మొదటి బన్ను సుందరికి. రాత్రి పిల్ల ఎనిమిది గంటలు నిద్రపోయిందట. "అత్తా, ఇంకోటి" అంది నోట్లో బన్నుతోనే.

ఫణీంద్ర చెప్పాడు, పప్పూ అన్నం అందరం కుక్కర్లో మూత బిగించి వండుకుంటాం కాబట్టి మాకు తేడా తెలియలేదట. కాలనీలో మూత లేకుండా గాలిని నమ్ముకున్నది నా పిండి ఒక్కటేనట. ఇక నుంచి రోజూ పొద్దున ప్రతి వీధిలో ఒక గ్లాసు ముద్ద పెట్టాలని కమిటీ తీర్మానం చేసింది. పిండి నేనే పిసికి పంపాలి. అందుకోసం పెద్ద ఓవెన్ ఇస్తారట, ఐదు వీధులకీ సరిపడేది.

వాయి 24

పెద్ద ఓవెన్ వచ్చింది. గుమ్మంలో దించీ దించకముందే మా ఆయన దాని మీద పడ్డారు. ప్లాస్టిక్ కవరు చేత్తో రాకపోతే పంటితో పీకారు. చించి ఉండచుట్టి బయటపడేశాక నా వైపు చూశారు.

"చాలా?"

"మంచం మీదిది కూడా" అన్నాను. అదీ పీకారు.

ఆ పూట కోటిలింగంగారు ఈ పుస్తకం అడిగి తీసుకెళ్లి, సాయంత్రానికి స్వయంగా పట్టుకొచ్చారు. వైఫల్య కారణాల కింద కొత్తగా నాలుగోది అచ్చు వేయించారు: గాలి. పాత వాయిలు దిద్దుకోవచ్చని సంతకం కూడా పెట్టిచ్చారు.

కూర్చుని మొదటి నుంచీ తిరగేశాను. పదిహేను. 'చేసినవారు' కొట్టేసి 'గాలి' అని రాశాను. పదహారు, పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై రెండు. కొట్టేసినప్పుడల్లా కలం గట్టిగా నొక్కాను, కాగితం చిరిగేంతగా. రెండూ మూడూ వాయిలు నేనే మాడ్చాను, వాటిని ముట్టుకోలేదు.

మొదటి వాయి దగ్గరికి వచ్చేసరికి మా ఆయన భుజం మీంచి తొంగి చూస్తున్నారు. "హైమా, దాన్ని అలా వదిలెయ్యవే. అందరూ చదువుతారు."

ఆరేళ్ల అర్జీలు గుర్తొచ్చాయి, మంచం కరకర గుర్తొచ్చింది, గొట్టం దగ్గర ఆయన బంక అందించిన సంగతీ గుర్తొచ్చింది. సరే అన్నాను. ఆయన నిట్టూర్చి, గ్లాసు కడిగి తెచ్చి బల్ల మీద పెట్టారు.

ఆయన అటు తిరగ్గానే 'చేసినవారు' కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో 'మొగుడు' అని రాశాను.

ఇరవై నాలుగో వాయి: గంటంబావు. బన్నులు నూట ఇరవై. వైఫల్య కారణం గడి ఖాళీ.